గొంతులోని మనసు తెలియనప్పుడు

మన భాషలో "వచ్చావా" అనే మాట ఒకటి ఉన్నది. పట్నములో చదువుకొంటున్న కొడుకు పండుగకు ఇంటి గుమ్మములో అడుగు పెట్టినప్పుడు తల్లి అనే "వచ్చావా" ఒకటి. రాత్రి పదకొండు దాటిన తరువాత తూలుతూ ఇల్లు చేరిన భర్తను చూచి భార్య అనే "వచ్చావా" మరొకటి. పాత బాకీ తీర్చకుండానే మళ్ళీ అప్పుకు వచ్చిన మనిషితో షావుకారు అనే "వచ్చావా" ఇంకొకటి. అక్షరములు అవే, మాట అదే. అయినను ఈ మూడింటిలో ఏది ప్రేమ, ఏది కోపము, ఏది వెటకారము అని మనలో ఎవరికిని విడమరచి చెప్పనక్కర లేదు. మాటలు రాని పసిబిడ్డ కూడా తల్లి గొంతు మారగానే పెదవి విరుస్తుంది.

ప్రియ పాఠకులారా, మనకు ఇంత సులువుగా తెలిసే ఈ సంగతి కొందరికి తెలియదు. వారికి చెవుడు లేదు. మాటలు స్పష్టముగానే వినబడతాయి, మాటల అర్థమును తెలుస్తుంది. ఆ మాటను మోసుకొని వచ్చిన గొంతులో ఏ భావమున్నదో మాత్రము సరిగా అందదు. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధితో బాధపడే అనేకులలో ఈ లోపము కనబడుతుందని వైద్య పరిశోధకులు చెప్పుచున్నారు. ఈ ఒక్క సంగతి తెలియక మన కుటుంబములలో ఎన్నో అపార్థములు, ఎంతో కన్నీరు. అందుచేత ఈ నెల దీనిని గూర్చి వ్రాయదలచితిమి.

మన మధ్య ఉన్నవారే

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము ప్రపంచములో సుమారు 2 కోట్ల 40 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నది. అనగా ఇంచుమించు 300 మందిలో ఒకరు. మూడు వేల జనాభా గల పల్లెలో సగటున పదిమంది ఉండవచ్చును. కాబట్టి ఇది ఎక్కడో ఉన్నవారి సంగతి కాదు. మన వీధిలోని వారి సంగతి, కొందరికి మన ఇంటిలోని వారి సంగతి.

ఎక్కువగా ఈ వ్యాధి పదిహేడు, పద్దెనిమిది ఏండ్లు మొదలుకొని ముప్పై ఏండ్ల లోపున బయటపడుతుంది. అంతవరకు చక్కగా చదువుకొన్న పిల్లవాడు గదిలో తలుపు వేసుకొని కూర్చుంటాడు. ఎవరును లేని చోట ఎవరితోనో మాట్లాడతాడు. పక్కింటివారు తనను గూర్చే చెప్పుకొంటున్నారని అంటాడు. స్నానము, తిండి, నిద్ర తప్పిపోతాయి. మన ప్రాంతములో దీనిని గాలి సోకినదనో, చేతబడి అనో, దయ్యము పట్టినదనో అనుకొని చాలా కాలము చాలా చోట్ల తిరుగుతారు. ఇది మెదడుకు సంబంధించిన వ్యాధి. దీనికి మందులు ఉన్నవి. మందులు వాడినందున లేనివి వినబడుట, లేనిపోని అనుమానములు చాలామందిలో తగ్గుతాయి.

అయితే అవి తగ్గిన తరువాత కూడా ఇంటివారికి ఒక బాధ మిగిలిపోతుంది. "మావాడికి మందులు పని చేస్తున్నాయి గాని, మా మీద ప్రేమ లేదండీ" అని తల్లులు చెప్పగా మేము అనేక పర్యాయములు విన్నాము.

గాజువాక వైపున ఒక కుటుంబమును మేము ఎరుగుదుము. తండ్రి కర్మాగారములో పని చేసేవాడు. కూతురి పెండ్లి చేసి అత్తవారింటికి సాగనంపిన రోజున తల్లి గొంతు పూడుకొనిపోయి "వెళ్ళిరా అమ్మా" అని మాత్రము అనగలిగినది. వ్యాధితో ఉన్న కొడుకు ఆ పక్కనే కూర్చుండి టీవీ చూస్తూనే ఉన్నాడు. "వీడిది గుండె కాదు, బండరాయి" అని తండ్రి అందరి ఎదుట అన్నాడు. నాలుగు రోజులైన తరువాత ఆ పిల్లవాడు తల్లి దగ్గరకు వచ్చి, "చెల్లి వెళ్ళినందుకు నీకు సంతోషమా, బాధా?" అని అడిగినాడు. ఆమె ఆశ్చర్యపడి, "బాధేరా నాయనా, ఇల్లంతా బోసిపోయింది" అని చెప్పినది. ఆ సాయంకాలమంతా అతడు ఆమె దగ్గర నుండి లేవలేదు. ఆ తల్లి బాధ ఆమె గొంతులో ఉన్న రోజున అతనికి అందలేదు. మాటలో పెట్టి చెప్పినప్పుడు అందినది.

గొంతులో ఏమి ఉంటుంది?

మన గొంతులో భావమును తెలియజేసేవి ముఖ్యముగా మూడు ఉన్నవి. మొదటిది శ్రుతి, అనగా గొంతు పైకి లేచుట, కిందికి దిగుట. రెండవది బిగ్గరతనము. మూడవది వేగము. సంతోషముగా ఉన్న మనిషి గొంతు పైస్థాయిలో ఉండి, ఎక్కువగా ఎగసి దిగుతూ ఉంటుంది. దుఃఖములో ఉన్నవాని గొంతు కిందికి దిగి, నెమ్మదిగా, ఎత్తుపల్లములు లేకుండా సాగుతుంది. కోపములో చాలాసార్లు గొంతు బిగ్గరగా, కరకుగా అవుతుంది. మన ఉత్తరాంధ్రలో "ఏటి?" అనే చిన్న మాటను సాగదీసి పలికే తీరును బట్టియే అది ప్రశ్నయో, ఆశ్చర్యమో, తగవుకు పిలుపో తెలిసిపోతుంది.

మాటల పని ఎక్కువగా మెదడు ఎడమ భాగములో జరుగుతుందని చాలా కాలముగా తెలిసిన సంగతే. గొంతులోని భావమును పలుకుటలోను గ్రహించుటలోను కుడి భాగమునకు ముఖ్యమైన పాత్ర ఉన్నదని 1981లో ఎలియట్ రాస్ అనే అమెరికా వైద్యుడు, కుడి భాగము దెబ్బతిన్న రోగులను పరీక్షించి చూపించెను. మాటకు ఒక దారి, మాటలోని మనసుకు మరొక దారి ఉన్నట్టు మనము సుమారుగా అర్థము చేసికొనవచ్చును. ఒక దారి బాగుండి, రెండవది పాడగుట సాధ్యమే.

స్కిజోఫ్రీనియా ఉన్నవారికి ఈ పరీక్ష పెట్టే విధానము సులభమైనది. భావమేమియు లేని ఒక సామాన్య వాక్యమును ఒకసారి సంతోషముగా, ఒకసారి దుఃఖముగా, ఒకసారి భయముగా, ఒకసారి కోపముగా పలికి రికార్డు చేస్తారు. దానిని వినిపించి, పలికినవారు ఏ భావముతో పలికినారని అడుగుతారు. ఇటువంటి పరిశోధనలు అనేక దేశములలో జరిగినవి. నెదర్లాండ్స్ దేశపు పరిశోధకులు 2007లో వాటిని ఒకచోట చేర్చి చూడగా, ఈ వ్యాధి గలవారు గొంతులోని భావమును గుర్తించుటలో ఇతరులకంటె చాలా వెనుకబడి ఉన్నారనియు, తమ గొంతులో భావమును పలికించుటలో కూడా వారికి అటువంటి కష్టమే ఉన్నదనియు తేలినది.

ఇది ఎందువలన? 2005లో డేవిడ్ లైట్‌మన్, డానియల్ జావిట్ అనే అమెరికా పరిశోధకులు, వారి సహచరులు ఒక కారణమును ఎత్తి చూపినారు. మన ఆలయములోని హార్మోనియమును జ్ఞాపకము చేసికొనండి. పక్కపక్కన ఉన్న రెండు మెట్లను ఒకదాని తరువాత ఒకటి నొక్కితే, రెండును ఒకే స్వరము కాదని మనకు తెలుస్తుంది. ఈ వ్యాధి ఉన్న అనేకులకు ఆ తేడా తెలియవలెనంటే రెండు ధ్వనులు ఇంకా దూరముగా ఉండవలెను. చెవి పరీక్షలో లోపము కనబడదు. శబ్దము చెవిలోనికి సరిగానే వెళ్ళుతుంది. శబ్దమును మెదడు అందుకొనే తొలి మెట్టులోనే శ్రుతి భేదము మసకబారుతుంది. ఈ భేదమును పట్టుకొనలేనివారే గొంతులోని భావమును గుర్తించుటలో కూడా ఎక్కువగా తప్పిపోయినారని ఆ పరిశోధన చెప్పెను.

శ్రుతి మీద ఆధారపడిన భావములను గుర్తించుటలో వారికి ఎక్కువ కష్టము గాని, బిగ్గరతనమును బట్టి తెలిసే దానిలో అంత లోపము కనబడలేదని తరువాతి పరిశోధనలలో తెలిసినది. ఈ సంగతిని ప్రతి తండ్రియు, ప్రతి తల్లియు ఒక నిమిషము ఆలోచించవలెనని మా మనవి. ప్రేమ, జాలి, ఆదరణ, సంతోషము గొంతు మెత్తదనములో, దాని ఎత్తుపల్లములలో ప్రయాణము చేస్తాయి. కోపము చాలాసార్లు బిగ్గరతనములో ప్రయాణము చేస్తుంది. మొదటి దారి మసకబారి, రెండవది తెరచియున్నప్పుడు ఏమి జరుగుతుంది? రోజంతా మనము పంపిన ప్రేమలో ఎక్కువ భాగము దారిలో తప్పిపోయి, ఒక్కసారి వేసిన కేక మాత్రము భద్రముగా చేరుతుంది. "వీడిని ఎంత ప్రేమగా చూచినను, మేము తిట్టినదే జ్ఞాపకము పెట్టుకొంటాడు" అని అనేకులు వాపోవుటకు ఇది ఒక కారణము కావచ్చును.

వెటకారము అందని మనిషి

మన జిల్లాలలో వెటకారము లేకుండా మాట సాగదు. చెంబు కింద పడవేసిన పిల్లవానితో "ఆహా, ఎంత బాగా చేశావురా!" అంటాము. ఆలస్యముగా నిద్ర లేచినవానితో "దొరగారు లేచారా?" అంటాము. మాట పొగడ్త, గొంతు తిట్టు. గొంతును బట్టి మనము మాటను తిరగవేసి అర్థము చేసికొంటాము.

గొంతు అందనివానికి మాట ఒక్కటే మిగులుతుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవారు వెటకారమును గుర్తించుటలో తప్పిపోవుదురనియు, దానికిని శ్రుతి భేదము తెలియకపోవుటకును సంబంధము ఉన్నదనియు 2006లో అదే పరిశోధకులు వ్రాసినారు. కాబట్టి చెంబు పడవేసినవాడు "బాగా చేశావు" అన్న మాట విని నవ్వితే, అది పొగరు కాదు. అతడు నిజముగానే పొగడ్త అనుకొని ఉండవచ్చును. చుట్టూ ఉన్నవారు నవ్వినప్పుడు ఎందుకు నవ్వినారో తెలియక, తనను గూర్చి ఏదో కుట్ర జరుగుతున్నదని భయపడవచ్చును. అనుమానము ముందే ఉన్న మనసుకు మన వెటకారము ఎండుగడ్డి మీద నిప్పురవ్వ వంటిది.

చదునుగా పలికే గొంతు

ఇంతవరకు వారు వినే సంగతి చెప్పుకొన్నాము. వారు పలికే సంగతి కూడా చెప్పుకొనవలెను. ఈ వ్యాధికి స్కిజోఫ్రీనియా అని 1908లో పేరు పెట్టిన స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయ్లర్ నాటి నుండియు వైద్యులు దీనిని గమనిస్తూనే ఉన్నారు. వ్యాధిగ్రస్థులలో అనేకుల ముఖములో భావము కనబడదు, గొంతు ఎగుడుదిగుడులు లేకుండా చదునుగా సాగుతుంది. తాతగారు చనిపోయిన వార్తను, కరెంటు పోయిన వార్తను ఒకే గొంతుతో చెప్పుతారు.

ఇది చూచి ఇంటివారు మనసే లేదనుకొంటారు. 1993లో అమెరికాలో ఆన్ క్రింగ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు ఈ వ్యాధి ఉన్నవారికి సంతోషము, దుఃఖము, భయము కలిగించే చలనచిత్ర దృశ్యములను చూపించి పరీక్షించినారు. వారి ముఖములలో ఇతరుల ముఖములలో వలె భావము కనబడలేదు. అయితే మీకు ఏమనిపించినదని అడుగగా, ఇతరులకు కలిగినంత భావమే తమకును కలిగినదని తెలియజేసిరి. అనగా లోపల నీరున్న బావికి చేద తెగిపోయినది. చేద తెగినది గనుక నీరే లేదని మనము తీర్పు తీర్చకూడదు.

మరియొక సంగతి. మీరు అతనితో మాట్లాడుతున్న సమయములోనే అతనికి మరి కొన్ని గొంతులు వినబడుతూ ఉండవచ్చును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన టాన్యా లూర్మన్, ఆమె సహచరులు ఇటువంటి గొంతులు వినేవారిని అమెరికాలోను, ఆఫ్రికాలోని ఘానా దేశపు అక్రా నగరములోను, మన పొరుగున చెన్నైలోను ఒక్కొక్కచోట 20 మందిని కలిసి మాట్లాడి, 2015లో ఆ వివరములను ప్రచురించిరి. చెన్నైలో డాక్టర్ శారదా మేనోన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ వైద్యులు ఇందులో పాలుపంచుకొన్నారు. అమెరికా వారికి ఎక్కువగా ఎవరో తెలియని క్రూరమైన గొంతులు వినబడినవి. చెన్నైలో సగముకంటె ఎక్కువ మందికి తమ బంధువుల గొంతులే వినబడినవి. ఇంటి పని చేయమని చెప్పేవి, పెద్దలవలె మందలించేవి కూడా వాటిలో ఉన్నవి. దీనిని బట్టి ఒక సంగతి ఊహించవచ్చును. మన ఇండ్లలో వ్యాధిగ్రస్థునికి లోపల వినబడే గొంతు కూడా అమ్మదో, నాన్నదో, అత్తదో కావచ్చును. బయట నుండి అదే గొంతు మందలింపుగా వస్తే, ఏది లోపలిది, ఏది బయటిది అని తేల్చుకొనుట ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంటి గొంతు చేసే మేలు, కీడు

గొంతులోని భావము సరిగా తెలియదు గదా, ఇక మనము ఎలా మాట్లాడితే ఏమి అని ఎవరైనను అనుకొనవచ్చును. అది పొరపాటు. గుర్తుపట్టలేకపోవుట వేరు, గాయము తగలకపోవుట వేరు. చీకటిలో తగిలిన రాయిని చూడలేకపోయినను కాలికి దెబ్బ తగిలే తీరుతుంది.

లండనులో జార్జి బ్రౌన్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు 1950ల నుండి ఈ విషయమును పరిశోధించెను. ఆసుపత్రిలో బాగుపడి ఇంటికి వెళ్ళినవారిలో కొందరికి వ్యాధి త్వరగా తిరుగబెడుతున్నది, కొందరికి లేదు, ఎందుచేత అని అతడు విచారించెను. అతడును అతని సహచరులును ఇంటివారితో మాట్లాడి, వారు రోగిని గూర్చి ఏమి చెప్పుచున్నారో మాత్రమే కాక, ఏ గొంతుతో చెప్పుచున్నారో కూడా లెక్కించిరి. 1972లో ప్రచురించిన వారి పరిశోధనలో, ఎత్తిపొడుపులు, ద్వేషము, లేదా ఊపిరి సలపనియ్యనంత అతి జాగ్రత్త ఉన్న ఇండ్లకు వెళ్ళినవారిలో తొమ్మిది నెలలలో 58 శాతము మందికి వ్యాధి తిరుగబెట్టెను. అవి తక్కువగా ఉన్న ఇండ్లలో 16 శాతము మందికే తిరుగబెట్టెను.

ఈ పరిశోధనను మన దేశములో చండీగఢ్ నగరములోను, చుట్టుపట్ల పల్లెలలోను చేసి, 1987లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్, ఇంగ్లాండుకు చెందిన డాక్టర్ జూలియన్ లెఫ్, వారి సహచరులు ఫలితములను ప్రకటించిరి. లండను కుటుంబములకంటె మన కుటుంబములలో అట్టి ఎత్తిపొడుపులు చాలా తక్కువగా కనబడినవి, పల్లెటూళ్ళలో మరీ తక్కువ. ఇది చదివే పల్లె కుటుంబములు గమనించవలెను. పట్నములోని పెద్ద ఆసుపత్రి దగ్గరలో లేకపోయినను, సాధారణముగా మీ ఇంటిలో ఉండే ఓర్పు తానే ఒక ఔషధము.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పవలెను. ఇంటివారి గొంతు వలన ఈ వ్యాధి పుట్టదు. ఒకప్పుడు కొందరు విదేశీ వైద్యులు తల్లి పెంపకము వలననే ఈ వ్యాధి వస్తుందని వ్రాసి ఎందరో తల్లులను ఏడిపించినారు. ఆ మాట తప్పని తరువాత తేలిపోయినది. కాబట్టి ఏ తల్లియు "నా వలననే" అని కుమిలిపోనక్కర లేదు. వ్యాధి రాకుండా చేయుట మన చేతిలో లేదు. వచ్చిన తరువాత మాట్లాడే తీరు చాలావరకు మన చేతిలో ఉన్నది.

ఉక్కు నగరపు చప్పుడు

మన విశాఖపట్నము చప్పుడు గల ఊరు. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము, వాటి చుట్టూ వెలిసిన మిల్లులు, లారీలు, గూడ్సు బండ్లు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చల్లని పేర్లు పెట్టిన బ్లాస్టు ఫర్నేసుల దగ్గర పనిచేసేవారు మామూలు గొంతుతో మాట్లాడితే పక్కవానికి వినబడదు. రేవులో క్రేను కింద నిలుచున్నవాడు కేక వేయవలసిందే, ఆ కేక పక్కవాని ప్రాణము కాపాడవచ్చును. అట్టి చోట ఇరవై ఏండ్లు పనిచేసినవారి గొంతు ఇంటిలో కూడా అలాగే ఉండిపోతుంది. తండ్రి "మందు వేసికొన్నావా?" అని ప్రేమగానే అడుగుతాడు. ప్రేమ అతని మనసులో ఉన్నది. కొడుకుకు చేరినది మాత్రము బిగ్గరతనమే.

పైగా షిఫ్టు పనులు. రాత్రి పని చేసి వచ్చినవాడు పగలు నిద్రపోవలెను, ఇంటిలో పిల్లలు, టీవీ, ప్రెషర్ కుక్కరు, రెండు గదులు. అందరికిని విసుగు వచ్చుటకు కావలసినంత సామగ్రి. శ్రీకాకుళము, విజయనగరము పల్లెల నుండి పని కొరకు వచ్చి ఇరుకు ఇండ్లలో కాపురముండే కుటుంబములకు పక్కన పెద్దలు ఉండరు, పంచుకొనే చేతులు ఉండవు. ఇట్టి ఇంటిలో ఓర్పు నిలుపుకొనుట చెప్పినంత సులభము కాదని మేము ఎరుగుదుము. అందుచేతనే కొన్ని చిన్న పద్ధతులు ముందుగా అలవాటు చేసికొనుట మంచిది.

ఎలా మాట్లాడవలెను?

మొదటిది, అన్నిటికంటె ముఖ్యమైనది, భావమును మాటలోనే పెట్టండి. మన ఇండ్లలో ప్రేమను నోట చెప్పుట అలవాటు లేదు. ఇంకొక ముద్ద వడ్డించి చూపుతాము, గొంతులో చూపుతాము. వ్యాధిగ్రస్థునికి అది చాలదు. "నీవు వచ్చినందుకు నాకు సంతోషముగా ఉన్నది", "నాకు నీ మీద కోపము లేదు, మోకాలు నొప్పిగా ఉండి ఇలా మాట్లాడుతున్నాను", "చెల్లి వెళ్ళిపోయినందుకు నాకు దుఃఖముగా ఉన్నది" అని విప్పి చెప్పండి. మొదట కొంచెము సిగ్గుగా ఉంటుంది. పది రోజులలో అలవాటవుతుంది.

రెండవది, పేరు పెట్టి పిలిచి, ఎదురుగా కూర్చుండి మాట్లాడండి. వంటగదిలో నుండి, వెనుక నుండి కేక వేయవద్దు. ముఖములోని భావములు కూడా కొందరికి సరిగా అందవు గాని, ముఖము, గొంతు, మాట మూడును ఒకటే చెప్పినప్పుడు కొంత సులువు.

మూడవది, ముఖ్యమైన మాట చెప్పే ముందు చప్పుడు తగ్గించండి. టీవీ ఆపండి. ఇద్దరు ఒకేసారి మాట్లాడవద్దు. ఒకసారి ఒక సంగతే చెప్పండి, చిన్న వాక్యములలో చెప్పండి. జవాబుకు కొంత సమయము ఇవ్వండి.

నాలుగవది, అర్థము కాలేదనిపిస్తే గొంతు పెంచవద్దు. అవే మాటలను అదే గొంతుతో మరల చెప్పండి. చెవిటివాడు కాని మనిషికి కేక వలన ప్రయోజనము లేదు, నష్టము ఉన్నది.

ఐదవది, వెటకారము, దెప్పిపొడుపు, డొంకతిరుగుడు మాట మానండి. "పక్కింటి అబ్బాయికి ఉద్యోగము వచ్చినదట" అనే మాట చాలు, గాయము చేయుటకు. చేయవలసిన పని ఉంటే "బిందె నిండా నీళ్ళు పట్టి పెట్టు" అని నేరుగా చెప్పండి. చేసినప్పుడు "నీవు నీళ్ళు పట్టినందున నాకు పని తేలిక అయినది" అని దేనికి మెచ్చుకొంటున్నారో కూడా చెప్పండి.

ఆరవది, అడిగి తెలుసుకొనండి. ఉన్నట్టుండి ముఖము మాడ్చుకొన్న యెడల, "నేను ఇప్పుడు తిట్టినానని అనిపించినదా?" అని అడగండి. అవునంటే వాదించవద్దు. "తిట్టలేదు, భోజనమునకు పిలిచినాను" అని చెప్పండి. అలాగే అతని చదును గొంతును చూచి మీరును ఊహించవద్దు. "నీకు ఎలా ఉన్నది?" అని అడిగి, అతడు చెప్పిన మాటనే నమ్మండి.

ఏడవది, మీకు కోపము రాక మానదు. వచ్చినప్పుడు "నేను పది నిమిషములు బయటకు వెళ్ళి వస్తాను" అని చెప్పి వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళితే అలిగినారనియో, విడిచిపెట్టినారనియో అనుకొనవచ్చును.

ఈ పద్ధతులు మందులకు బదులు కావు. గొంతులోని భావమును గుర్తించే శక్తి మీద మందుల ప్రభావము అంతగా కనబడదని వైద్యులు చెప్పుచున్నారు. అయినను మందు మానిన యెడల వ్యాధియే తిరుగబెడుతుంది, అప్పుడు మన మాట అందే అవకాశమే ఉండదు. మందు ఒక చేయి, మాట మరొక చేయి.

సంఘము చేయగలది

ఇట్టి కుటుంబములు డాక్టరు దగ్గరకు వెళ్ళకముందే చాలాసార్లు పాస్టరు దగ్గరకు వస్తారు. వారిని చేర్చుకొని ప్రార్థించుట మన ధర్మము. అయితే బిడ్డను నడుమ కూర్చుండబెట్టి, పదిమంది చుట్టూ చేరి, మైకులో బిగ్గరగా గద్దించుట వలన ఆ బిడ్డకు ఏమి చేరుతుందో పైన చెప్పిన సంగతులను బట్టి ఆలోచించండి. ప్రార్థనలోని ప్రేమ అతనికి వినబడకపోవచ్చును. అరుపు మాత్రము వినబడుతుంది. మెల్లగా, అతని పేరు చెప్పి, అతనికి అర్థమయ్యే నాలుగు మాటలతో చేసిన ప్రార్థన చాలును. దేవుడు చెవిటివాడు కాడు. మగ్దలేనే మరియ సమాధి యొద్ద ఏడ్చుచు, ఎదుట నిలిచిన ప్రభువును తోటమాలి అనుకొన్నది. ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచినప్పుడే గుర్తుపట్టినది. ఒక్క మాట, ఆమె ఎరిగిన పేరు.

ప్రార్థన పేరు చెప్పి మందు మాన్పించుట, కట్టివేయుట ఎంత మాత్రము తగదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయములో నిప్పు అంటుకొన్నప్పుడు, గొలుసులతో కట్టియున్న మానసిక రోగులు పారిపోలేక 28 మంది మరణించిరి. అది అన్ని మతములవారికిని హెచ్చరిక. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మానసిక రోగిని ఏ విధముగానైనను గొలుసులతో బంధించుటను నిషేధించినది.

వైద్యము కొరకు దూరము వెళ్ళనక్కర లేదు. వాల్తేరులో ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధముగా ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. ఉత్తరాంధ్ర జిల్లాల నుండియే కాక ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతముల నుండి కూడా అక్కడకు వస్తారు. "పిచ్చాసుపత్రి" అనే పేరుకు జడిసి ఏండ్ల తరబడి ఆలస్యము చేయవద్దు, వైద్యము ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. వెంటనే వెళ్ళలేనివారు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. రాత్రి పగలు ఎప్పుడైనను చేయవచ్చును, మాట్లాడినందుకు డబ్బు తీసుకొనరు.

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజమునకు, యౌవనస్థులకు ఒక మనవి. మీ సంఘములో ఇట్టి కుటుంబమున్న యెడల, వారమునకు ఒక రోజు రెండు గంటలు ఎవరైనను ఆ ఇంటిలో కూర్చుండండి. ఆ తల్లి నిద్రపోవచ్చును, సంతకు వెళ్ళవచ్చును, ఊరకనే బయట కూర్చుండవచ్చును. అలసిపోయిన గొంతులోనే కరకుదనము పుడుతుంది. తల్లికి రెండు గంటల విశ్రాంతి ఇచ్చినవారు, ఆ బిడ్డకు ఒక రోజంతా మెత్తని మాట ఇచ్చినట్టే.

ఆదివారమున చివరి వరుసలో ఒంటరిగా కూర్చుండి, ఎవరు పలుకరించినను ముఖము తిప్పుకొనే ఆ సహోదరునికి మన చిరునవ్వు, మన గొంతు చాలునని అనుకొనవద్దు. దగ్గరకు వెళ్ళి, అతని పేరు పెట్టి పిలిచి, "నీవు వచ్చినందుకు నాకు సంతోషము" అని మాటలలో చెప్పండి. అతడు చదునైన గొంతుతో "ఊఁ" అని మాత్రమే అనవచ్చును. వచ్చే ఆదివారము కూడా చెప్పండి.